పక్కన కూర్చుంటే రాస్తాడు, లేస్తే ఆగిపోతాడు: మా బాబు సొంతంగా పని చేసుకునేలా ఎలా చేయాలి?

మంగళగిరి అమ్మ | జూలై 6, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మా బాబుకి 13 ఏళ్ళు, ఎనిమిదో తరగతి. ఏడీహెచ్‌డీ (పని మీద శ్రద్ధ నిలవని సమస్య) ఉందని, ఆటిజం కూడా కొంత ఉందని రెండేళ్ళ కిందట డాక్టరు గారు చెప్పారు. తెలివికి లోటు లేదు. విజయవాడ మీదుగా పోయే ఏ బండి ఏ స్టేషన్‌లో ఎన్ని నిమిషాలు ఆగుతుందో అడగండి, తడుముకోకుండా చెప్తాడు. సైన్సులో మూడు ప్రశ్నలకు జవాబులు రాయమంటే మాత్రం ఇంట్లో యుద్ధమే.

నిన్న జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను. సాయంత్రం 6:10కి నోట్సు తెరిచాడు. తేదీ వేశాడు. స్కేలు పెట్టి కింద గీత గీశాడు. గీత కాస్త వంకర వచ్చిందని చెరిపి మళ్ళీ గీశాడు. 6:50కి నేను వంటింట్లోంచి వచ్చి చూస్తే పేజీలో తేదీ, గీత, అంతే. పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాక 20 నిమిషాల్లో రాసేశాడు. ఒక్క జవాబు కూడా నేను చెప్పలేదండీ. మధ్యలో పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళొస్తే సగం వాక్యం దగ్గర ఆగిపోయి ఉన్నాడు.

అంత కష్టపడి రాసిన నోట్సు ఈరోజు బడికి తీసుకెళ్ళాడు, మేడంకి ఇవ్వలేదు. సాయంత్రం బ్యాగులోనే కనిపించింది. డైరీలో ‘హోంవర్క్ చేయలేదు’ అని ఎర్ర పెన్నుతో రాసి పంపారు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. రెండేళ్ళు తిరక్కుండా టెన్త్. నేనెన్నాళ్ళు పక్కన కూర్చోగలను?

సికింద్రాబాద్ స్పెషల్ టీచర్ | జూలై 6, రాత్రి 11:02

అమ్మా, ముందుగా ఒక మాట. వాడు బద్ధకించడం లేదు. బద్ధకించేవాడు గీత చెరిపి మళ్ళీ గీయడు.

మీరు ఒకే సమస్య అనుకుంటున్నది నిజానికి మూడు. మొదలుపెట్టలేకపోవడం వేరు, మధ్యలో నిలబడలేకపోవడం వేరు, అయిపోయిన పనిని చేరాల్సిన చోటికి చేర్చలేకపోవడం వేరు. వీటన్నిటికీ కావాల్సిన నైపుణ్యాల్ని కలిపి మా వాళ్ళు ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అంటారు. సైన్సు రావడానికీ దీనికీ సంబంధం లేదు. పాఠం మొత్తం వచ్చిన పిల్లాడు కూడా నోట్సు బ్యాగులోంచి తీయడం మర్చిపోతాడు.

రేపు ఒక్కరోజు ఏమీ మార్చకండి. ‘రాయి నాన్నా’, ‘తర్వాత ఏంటి’, ‘పెన్ను పట్టుకో’ అని మీరు నోటితో అన్న ప్రతిసారీ ఒక కాగితం మీద గీత పెట్టండి. ఎన్ని వచ్చాయో ఇక్కడ రాయండి.

బెంగళూరు నుంచి | జూలై 7, ఉదయం 7:30

నాకు 27వ ఏట ఏడీహెచ్‌డీ అని తేలింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. లోపలి నుంచి ఎలా ఉంటుందో చెప్తాను, అమ్మగారికి ఉపయోగపడుతుందేమో.

చేయాలని ఉంటుంది. చేయకపోతే ఏమవుతుందో తెలుసు. అయినా చెయ్యి కదలదు. కాలవ గట్టు మీద నిలబడి దూకాలి దూకాలి అనుకుంటూ ఉండిపోతాం చూడండి, అలాంటిది, రోజూ, ప్రతి చిన్న పనికీ. ఎవరైనా ‘ఏంట్రా ఇంకా మొదలుపెట్టలేదు?’ అంటే ఆ గట్టు ఇంకాస్త ఎత్తవుతుంది. ఇంటర్‌లో హాస్టల్ స్టడీ అవర్లో నేను మూడు గంటలు పుస్తకం ముందు కూర్చుని ఒక్క పేజీ తిప్పని రోజులున్నాయి. వార్డెన్ దృష్టిలో నేను బాగా చదివే కుర్రాణ్ణి, కదలకుండా కూర్చునేవాణ్ణి కాబట్టి.

పక్కన ఎవరైనా ఊరికే ఉంటే పని జరగడం నాకూ ఉంది. ఇప్పటికీ ఆఫీసు పని కష్టంగా ఉన్నప్పుడు ఒక స్నేహితుడితో వీడియో కాల్ పెట్టుకుని, మాట్లాడుకోకుండా ఎవరి పని వాళ్ళం చేసుకుంటాం. బాడీ డబ్లింగ్ అంటారు దీన్ని. కాబట్టి మీరు కూర్చోవడం తప్పు కాదండీ. కూర్చుని ఏం చేస్తున్నారు అన్నదే చూసుకోవాలి. వాడి నోట్సు వైపు చూస్తూ కూర్చుంటే అది కాపలా. మీరు చిక్కుడుకాయలు ఈనె తీసుకుంటూ కూర్చుంటే అది తోడు.

తెనాలి, రిటైర్డ్ హెడ్‌మాస్టర్ | జూలై 7, ఉదయం 9:48

36 ఏళ్ళు పాఠాలు చెప్పినవాడిగా ఒక సందేహం, తప్పుగా అనుకోకండి. ఈ గీతలు, తోడు కూర్చోవడాలు, ఇవన్నీ అలవాటు చేస్తే పిల్లవాడు వాటిమీదే ఆధారపడడా? రేపు కాలేజీలో ఎవరు కూర్చుంటారు? 13 ఏళ్ళ వయసుకి కొంత బాధ్యత తెలియాలి కదా. నాలుగు రోజులు వదిలేసి చూస్తే, దెబ్బ తగిలాక వాడే నేర్చుకుంటాడేమో.

విశాఖ ఓటీ | జూలై 7, మధ్యాహ్నం 1:20

మాస్టారూ, నమస్కారం. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని (ఓటీ), రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పుతాను. 13 ఏళ్ళు అన్నారు కాబట్టి ఒక లెక్క చెప్తాను. ఏడీహెచ్‌డీ మీద దశాబ్దాలుగా పనిచేసిన అమెరికన్ సైకాలజిస్ట్ రసెల్ బార్క్లీ, ఈ పిల్లలు తమను తాము నడుపుకునే విషయంలో వయసుకి సుమారు 30 శాతం వెనక ఉంటారని చెప్తారు. అది కొలబద్ద కాదు, అంచనా. ఆ లెక్కన ఈ బాబు చదువులో ఎనిమిదో తరగతి, పని నడుపుకోవడంలో తొమ్మిదేళ్ళవాడు. తొమ్మిదేళ్ళ పిల్లాడికి బ్యాగు మనం సర్దిపెడితే ఎవరూ గారాబం అనరు.

వదిలేసి చూడటం అంటారా? ఇప్పటికే డైరీలో ఎర్ర పెన్ను దెబ్బ తగిలింది. దానితో పిల్లలు నేర్చుకునేది నోట్సు ఇవ్వడం కాదు, డైరీ దాచడం. ఇలాంటి పిల్లల్ని వారానికి పదిమందిని చూస్తాను. ఒక్కరు కూడా దెబ్బతో నేర్చుకోలేదు.

సికింద్రాబాద్ స్పెషల్ టీచర్ | జూలై 7, సాయంత్రం 4:05

మాస్టారు అడిగింది అడగాల్సిన ప్రశ్నే. చాలామంది తల్లిదండ్రులు పైకి అడగరు, లోపల ఇదే భయం.

ఇల్లు కట్టేటప్పుడు స్లాబు పోశాక కింద సెంట్రింగ్ ఉంచుతాం. మర్నాడే లాగేస్తే స్లాబు కూలుతుంది. ఏడాదంతా అలాగే వదిలేస్తే ఆ ఇంట్లో కాపురం చేయలేం. ఎప్పుడు తీయాలో, ఏ కర్ర ముందు తీయాలో తెలిసినవాడే మేస్త్రీ. డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ 1976లో రాసిన పరిశోధన వ్యాసంలో పిల్లలకు పెద్దలు చేసే సాయానికి పరంజా అనే పోలికే వాడారు.

అసలు సంగతి ఏంటంటే, సాయాల్లో అన్నిటికన్నా తీయడం కష్టమైనది నోటి మాట. చూడటానికి అదే తేలికగా ఉంటుంది. ‘తర్వాత ఏంటి నాన్నా’ అని అమ్మ అంటుంది, బాబు చేస్తాడు. వెయ్యిసార్లు అలా జరిగాక, పనిలో తర్వాతి మెట్టు అమ్మ గొంతు అయిపోతుంది. గొంతు వినపడకపోతే మెట్టు లేదు. అదే మాట కాగితం మీద ఉంటే అమ్మ ఊరెళ్ళినా కాగితం ఉంటుంది. కాబట్టి మనం చేయాల్సింది సాయం మానేయడం కాదు మాస్టారూ, సాయాన్ని నోట్లోంచి తీసి వస్తువులోకి మార్చడం. ఆ వస్తువుని తర్వాత వాడి చేతికివ్వడం.

మంగళగిరి అమ్మ | జూలై 7, రాత్రి 10:40

లెక్కపెట్టాను మేడం. గంటా పది నిమిషాల్లో 31 గీతలు. మా వారు చూసి నమ్మలేదు. నేను అన్నిసార్లు మాట్లాడుతున్నానని నాకే తెలియదు.

ఇంకో సందేహం. మా ఆడపడుచు ఏడీహెచ్‌డీ, ఆటిజం రెండూ ఒకరికే ఎలా ఉంటాయి, ఆ డాక్టరు సరిగా చూడలేదేమో అంటోంది. నిజమేనా?

విశాఖ ఓటీ | జూలై 7, రాత్రి 11:10

ఉండొచ్చండీ, చాలామందిలో ఉంటాయి కూడా. డాక్టర్లు వాడే డీఎస్ఎమ్ అనే పుస్తకం పాత ముద్రణలో రెండూ కలిపి రాయకూడదన్న నియమం ఉండేది. 2013లో వచ్చిన ఐదో ముద్రణలో అది తీసేశారు. మీ ఆడపడుచు గారు పాత మాట విని ఉంటారు.

సికింద్రాబాద్ స్పెషల్ టీచర్ | జూలై 8, ఉదయం 6:55

31 అంటే నేను చూసినవాటిలో ఎక్కువేమీ కాదు, బాధపడకండి.

ఇప్పుడు మొదలుపెట్టే సంగతి చూద్దాం. అమెరికాలో నార్త్ కరోలినాలో ఆటిజం పిల్లల కోసం ఎరిక్ షాప్లర్ మొదలుపెట్టిన టీచ్ అనే కార్యక్రమం ఉంది, 1972 నుంచి ఆ రాష్ట్రమంతా నడుస్తోంది. అక్కడ పని బల్ల అమర్చే పద్ధతిలో ఒక సూత్రం నాకు ఎంతో నచ్చింది. బల్ల దగ్గరికి వచ్చిన పిల్లవాడికి ఎవరూ నోరు విప్పకుండానే నాలుగు విషయాలు తెలియాలి: ఏ పని, ఎంత పని, అయిపోయిందని ఎలా తెలుస్తుంది, అయ్యాక ఏంటి.

‘సైన్సు హోంవర్క్ చెయ్యి’ అన్నదాంట్లో ఈ నాలుగింట్లో ఒక్కటీ లేదు. అందుకే తేదీ దగ్గర ఆగిపోయాడు. తేదీ, గీత మాత్రం వాడికి తెలిసిన పనులు.

మా దగ్గర ఎలా చేస్తామో చెప్తాను. రెండు ప్లాస్టిక్ ట్రేలు. ఎడమ ట్రేలో ఈరోజు పనులు, ఒక్కో పనికి ఒక్కో చీటీ, చీటీకి క్లిప్పుతో ఆ నోట్సు. చీటీ మీద ‘సైన్సు’ అని రాయం. ‘పేజీ 42, 3వ ప్రశ్న నోట్సులోకి ఎక్కించు’ అని రాస్తాం. పెన్ను పట్టుకుని చేసే పని రాయాలి, ఆలోచించి చేసే పని కాదు. ప్రశ్న ఎక్కించడానికి ఆలోచన అక్కర్లేదు, చెయ్యి కదులుతుంది. చెయ్యి కదిలాక జవాబు వస్తుంది. అయిపోయిన చీటీ, నోట్సు కుడి ట్రేలోకి. ఎడమ ట్రే ఖాళీ అయిందంటే అయిపోయింది. ఆఖరి చీటీ ఎప్పుడూ వాడికి ఇష్టమైనదే, మీవాడికైతే రైళ్ళు.

చీటీలు మొదటి వారం మీరు రాయండి. రెండో వారం మీరు సగం, వాడు సగం. వాడే రాసుకునే రోజు వరకూ ఇది మీ పద్ధతే, వాడిది కాదు.

ఖమ్మం లెక్కల టీచర్ | జూలై 8, రాత్రి 8:30

ప్రభుత్వ బడి మాది. మా తరగతిలో 42 మంది. ట్రేలు పెట్టే వీలు లేదు, కానీ ఒక అనుభవం చెప్తాను.

నిరుడు ఏడో తరగతిలో ఒక అమ్మాయి. లెక్క బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకుంటుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. మొదట్లో రాదేమో అనుకున్నాను. ఒకరోజు నేను బోర్డు మీద లెక్క దాదాపు మొత్తం చేసి, ఆఖరి వరుస ఒక్కటీ వదిలేసి, బెల్ కొట్టారని ఆగాను. వెనక్కి చూస్తే ఆ అమ్మాయి ఆఖరి వరుస రాసేసింది, సరిగ్గా రాసింది.

మర్నాటి నుంచి తన నోట్సులో రెండు లెక్కలు ఆఖరి వరుస మిగిల్చి ఇచ్చాను. తర్వాతి వారం ఆఖరి రెండు వరుసలు. అలా వెనక నుంచి ముందుకి వచ్చాం. దసరా సెలవులకి ముందు పూర్తి లెక్క తనే చేసింది. ఇలా వెనక నుంచి నేర్పడానికి బ్యాక్‌వర్డ్ చెయినింగ్ అని పేరుందని మా భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లలకి నేర్పే ఐఈఆర్‌పీ మేడం తర్వాత చెప్పారు. నాకు పేరు తెలియదు, ఆ పిల్ల ముఖం తెలుసు. ప్రతిరోజూ లెక్క తన చేత్తోనే అయిపోయేది. సగంలో ఆగిపోయే పిల్లలకి పూర్తి చేసిన రుచి తెలియదండీ. మనం మొదటి వరుస చూపించి మిగతాది వాళ్ళకి వదులుతాం, అక్కడే మునిగిపోతారు.

డాలస్ నుంచి | జూలై 8, రాత్రి 11:55

మాది గుడివాడ, ఇక్కడ 14 ఏళ్ళుగా ఉంటున్నాం. మా పాపకి ఆటిజం. నోటి మాట గురించి మేడం రాసింది చదివి చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక్కడ బడిలో ఐఈపీ అని ప్రత్యేక అవసరాలున్న ప్రతి బిడ్డకూ విడిగా ప్రణాళిక రాస్తారు, అది చట్టం. మా పాపకి క్లాసులో ఒక సహాయకురాలిని ఇచ్చారు. ఎంతో మంచి ఆవిడ. మూడేళ్ళు పక్కనే కూర్చుని పేజీ తిప్పడం దగ్గర్నుంచి గుర్తుచేసేది. మేం చాలా సంతోషించాం. నాలుగో ఏడు ఆవిడ వెళ్ళిపోయింది. పాప వారం రోజులు పెన్సిల్ ముట్టుకోలేదు. అప్పుడు అర్థమైంది, మూడేళ్ళు పని చేసింది ఇద్దరు కలిసి అని.

తర్వాత మీటింగ్‌లో లక్ష్యం మార్పించాం. ‘పని పూర్తి చేస్తుంది’ అని రాసిన చోట ‘బల్ల మీది కార్డు చూసి, ఎవరూ చెప్పకుండా తర్వాతి పని మొదలుపెడుతుంది’ అని రాయించాం. సహాయకురాలు పక్కన కాకుండా రెండు బల్లల వెనక కూర్చుంటుంది. అవసరమైతే వచ్చి కార్డు మీద వేలు పెడుతుంది, మాట్లాడదు. ఏడాది పట్టింది. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం 16 ఏళ్ళు వచ్చేసరికి బడి తర్వాతి జీవితానికి కూడా ప్రణాళిక రాయాలి. దానికి ఇదే పునాది అని మా టీచరు చెప్తారు.

మంగళగిరి అమ్మ | జూలై 14, రాత్రి 9:30

వారం అయింది. జరిగింది చెప్తాను.

ట్రేలు పనిచేశాయి, మొదటి మూడు రోజులు. నాలుగో రోజు మా వారు మొబైల్లో 25 నిమిషాల టైమర్ పెట్టారు, ఎక్కడో చదివారట. అది మోగగానే వాడు చెవులు మూసుకుని ట్రే తోసేశాడు. నోట్సు చిరిగింది. రెండు రోజులు ట్రే వైపే చూడలేదు. ఇంట్లో అందరికీ టెన్షన్. మళ్ళీ 31 గీతల దగ్గరికే వచ్చినట్టుంది.

విశాఖ ఓటీ | జూలై 14, రాత్రి 10:20

అమ్మా, పద్ధతి తప్పలేదు, టైమర్ తప్పింది. ఆ 25 నిమిషాల లెక్క పొమొడొరో అని, 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి తన చదువు కోసం తనే పెట్టుకున్నది. మీవాడు పెట్టుకున్నది కాదు కదా. కొంతమంది పిల్లలకి 25 నిమిషాలంటే అంతులేని దూరం. ఏడు నిమిషాలతో మొదలుపెట్టండి, ఐదు అయినా పర్వాలేదు.

మోగేది వద్దు. ఈ పిల్లల్లో చాలామందికి హఠాత్తుగా వచ్చే శబ్దం దెబ్బలా తగులుతుంది. ఎర్ర బిళ్ళ తగ్గుతూ పోయే గడియారాలు దొరుకుతాయి, ఇసుక గడియారం అయినా చాలు. సమయం అంకెల్లో కాకుండా కంటికి పరిమాణంగా కనిపించాలి. గోడ గడియారం అద్దం మీద వైట్‌బోర్డు మార్కర్‌తో 6:15 నుంచి 6:22 వరకు రంగు వేసినా అదే పని. మా దగ్గరికి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఎక్కువగా ఇదే, ఖర్చు లేదు.

ఇంకా కొన్ని చూడండి. బడి నుంచి వచ్చి ఎంతసేపటికి కూర్చోబెడుతున్నారు? ఏమైనా తిన్నాడా? కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకి ఆనుతున్నాయా? గాల్లో ఊగుతుంటే కింద పీట వేయండి. విరామంలో మొబైల్ ఇవ్వకండి, దాంట్లోంచి బయటికి రావడం ఇంకో పెద్ద పని అవుతుంది. నీళ్ళ బిందె మోయడం, మేడ మీదికి రెండుసార్లు ఎక్కి దిగడం లాంటివి మంచివి.

నిర్వాహకులు | జూలై 14, రాత్రి 10:45

ఇద్దరు సభ్యులు ఏడీహెచ్‌డీ మందుల పేర్లు, మోతాదులు రాశారు. తీసేశాం. మందుల సంగతి పిల్లవాణ్ణి చూసే డాక్టరుతోనే మాట్లాడండి.

బెంగళూరు నుంచి | జూలై 15, ఉదయం 8:05

ఒక మనవి. వాణ్ణి అడిగారా? ట్రే ఏ రంగు, ఎక్కడ పెట్టాలి, ఎన్ని నిమిషాలు, చీటీ ఎలా ఉండాలి? నా జీవితంలో నాకోసం వేరేవాళ్ళు తయారుచేసిన టైమ్ టేబుళ్ళు ఇరవై దాకా ఉంటాయి, ఒక్కటీ వారం దాటలేదు. నేను గోడకి అంటించుకున్న చిరిగిన కాగితం మూడేళ్ళు నడిచింది.

రైళ్ళు ఇష్టం అన్నారు. చీటీలు స్టేషన్లు ఎందుకు కాకూడదు?

ఖమ్మం లెక్కల టీచర్ | జూలై 15, రాత్రి 9:15

నోట్సు ఇవ్వకపోవడం గురించి ఎవరూ రాయలేదు. టీచర్‌గా నాకు అది ముఖ్యం.

‘రేపు మర్చిపోకుండా ఇవ్వు’ అంటే పనిచేయదు. పీటర్ గోల్‌విట్జర్ అనే సైకాలజిస్ట్ 1999లో రాసిన వ్యాసం ఒకటి మా ట్రైనింగ్‌లో చెప్పారు. ‘ఇది జరిగితే అది చేస్తాను’ అని ముందే ముడివేసుకుంటే, ఉత్త సంకల్పం కన్నా బాగా పనిచేస్తుందట. అలా ముడివేయండి: ‘అటెండెన్స్‌లో నా పేరు పిలిచారంటే నోట్సు డెస్క్ మీద పెడతాను.’ పేరు రోజూ పిలుస్తారు, అమ్మ గొంతు అక్కర్లేదు. ఇంట్లో రెండుమూడుసార్లు నాటకంలా ఆడించండి, మీరు మేడం, వాడు వాడే.

మేడం గారిని కలిసి ఒకే ఒక్క సాయం అడగండి, పది అడగొద్దు. మాకు నిజంగా తీరికుండదు. డెస్క్ మీద నోట్సు కనిపిస్తే తీసుకోమని చెప్పండి చాలు.

హైదరాబాద్ నాన్న | జూలై 16, మధ్యాహ్నం 2:10

మా అబ్బాయిది తొమ్మిదో తరగతి, సీబీఎస్ఈ. రాత వేగం లేదు. బోర్డు పరీక్షల్లో అదనపు సమయం అడిగితే వాడికి మచ్చ పడుతుందని మా ఆవిడ భయం.

సికింద్రాబాద్ స్పెషల్ టీచర్ | జూలై 16, రాత్రి 9:50

మచ్చ కాదండీ, హక్కు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో ఆటిజం ఉంది, డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. 17వ సెక్షన్‌లోనే పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల మినహాయింపు గురించి రాశారు. సీబీఎస్ఈలో మూడు గంటల పేపరుకి గంట అదనంగా ఇస్తారు. ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉంటే మాత్రం ఆ 21లో విడిగా లేదు, అక్కడ ఇబ్బంది వస్తుంది. అందుకే పరీక్షలన్నీ చేయించి, ఏమేం ఉన్నాయో రిపోర్టులో పూర్తిగా రాయించుకోండి. మా ఊళ్ళో మనోవికాస్ నగర్‌లోని నీపిడ్ కేంద్ర ప్రభుత్వ సంస్థ, అక్కడ చూపించుకోవచ్చు. మంగళగిరి అమ్మగారూ, మీకూ ఇదే. సదరం (వైకల్య సర్టిఫికెట్) పని ఇప్పుడే మొదలుపెట్టండి, టెన్త్ దాకా ఆగొద్దు.

ఒక జాగ్రత్త. అదనపు గంట ఇస్తే సరిపోదు, ఆ గంటని ఎలా వాడాలో ఇంట్లో అలవాటు చేయాలి. లేకపోతే ఇంకో గంట పెన్ను మూతతో ఆడుకుంటారు.

తెనాలి, రిటైర్డ్ హెడ్‌మాస్టర్ | జూలై 17, ఉదయం 6:20

ఇవన్నీ చదువుతుంటే 1991లో నా దగ్గర చదివిన ఒక కుర్రవాడు గుర్తొచ్చాడు. పేరు రాయను. రోజూ సగం రాసిన పేపరు ఇచ్చేవాడు. నేను వాణ్ణి బెంచీ ఎక్కించాను, ఒక్కసారి కాదు. టెన్త్ ఫెయిలై మానేశాడు. ఇప్పుడు రైల్వే స్టేషన్ దగ్గర మోటారు రివైండింగ్ షాపు. మొన్న వెళ్ళి చూశాను. గోడ నిండా పనిముట్లు, ప్రతి పనిముట్టు వెనక దాని ఆకారం పెయింటుతో గీసుకున్నాడు. ఎడమవైపు చేయాల్సిన మోటార్లు, కుడివైపు అయిపోయినవి. ‘లేకపోతే నాకు ఏదీ పూర్తవదు సార్’ అన్నాడు. వాడికి నేనివ్వాల్సింది వాడే కనిపెట్టుకున్నాడు.

అమ్మా, మీ అబ్బాయికి చీటీలు రాసిపెట్టడానికి అట్టముక్కలు కావాలంటే చెప్పు. నా దగ్గర పెళ్ళి శుభలేఖలు బోలెడున్నాయి, కత్తిరించి పంపిస్తాను.

మంగళగిరి అమ్మ | ఆగస్టు 2, రాత్రి 9:05

మాస్టారు గారికి నమస్కారం, అట్టముక్కలు అందాయి. వెనకవైపు తెల్లగా ఉన్నాయి, బాగా పనికొచ్చాయి.

వాణ్ణి అడిగాను. ట్రేలు వద్దన్నాడు. బల్ల అంచుకి పొడుగ్గా టేపు అంటించి దాన్ని పట్టాలన్నాడు. చీటీలు స్టేషన్లు. ‘పేజీ 58, 2వ ప్రశ్న ఎక్కించు’ విజయవాడ, జవాబు మొదటి మూడు వరుసలు రాయనపాడు, ఇలా ఖమ్మం దాకా. మధ్యలో ఒక చోట ‘హాల్ట్ 4 ని.’ అని తనే రాసుకున్నాడు. ఆ నాలుగు నిమిషాలు మేడ ఎక్కి దిగుతాడు. టైమర్ అక్కర్లేదట, ఇసుక గడియారం ఒప్పుకున్నాడు.

అన్ని రోజులూ కుదరడం లేదు. సోమవారాలు అసలు కుదరదు. సోషల్ ఇప్పటికీ నేను పక్కన ఉంటేనే. నిన్న గీతలు మళ్ళీ లెక్కపెట్టాను, తొమ్మిది.

నోట్సు ఈ వారంలో ఐదు రోజులకి మూడు రోజులు డెస్క్ మీదికి వచ్చింది. మేడం డైరీలో ‘అందింది’ అని రాశారు, నీలం పెన్నుతో. ఈ సాయంత్రం నేను కూరలకి బజారుకి వెళ్ళి వచ్చేసరికి వాడు నన్ను చూడలేదు. మధిర చీటీ తీసి పక్కన పెట్టి తర్వాతి చీటీ చదువుకుంటున్నాడు. నేను చెప్పులు అక్కడే వదిలి, చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్ళాను.

సోమవారాల గురించి ఎవరికైనా ఏమైనా తోస్తే చెప్పండి. ఆదివారం తర్వాత ఏదో జరుగుతోంది, నాకు ఇంకా దొరకలేదు.

విశాఖ ఓటీ | ఆగస్టు 2, రాత్రి 9:40

ఆదివారం రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడు? రెండు వారాలు పడుకున్న టైమూ లేచిన టైమూ రాసి ఇక్కడ పెట్టండి. చూద్దాం.